జాఫ్నా లెక్క సభకు ఎప్పుడు చెబుతారు?

గౌరవనీయులైన లోక్‌సభ, రాజ్యసభ సభ్యులకు,



1987 జూలై నుంచి 1990 మార్చి దాకా మన సైన్యం శ్రీలంక అంతర్యుద్ధంలో ఎందుకు పోరాడిందో ఈ దేశానికి చెప్పాల్సిన పని లేదన్నట్టు మీ రెండు సభలూ ఇన్నేళ్లుగా నడుచుకుంటున్నాయి. ఈ మధ్యలో ప్రభుత్వాలు మారాయి. అటు కూర్చున్నవాళ్లు ఇటు వచ్చారు, ఇటువాళ్లు అటు వెళ్లారు. ఈ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మౌనం. దాన్ని ఒప్పుకోలేకే ఈ లేఖ రాస్తున్నాను.

మీరు మరచిపోయారని అనను. నివాళులు బాగానే అందుతున్నాయి. కొలంబో శివార్లలోని శ్రీ జయవర్ధనెపుర కోట్టెలో మన జవాన్ల స్మారకం ఉంది. ప్రధానమంత్రి 2015 మార్చిలో అక్కడికి వెళ్లి పుష్పగుచ్ఛం ఉంచారు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలోనూ వాళ్ల పేర్లున్నాయి. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. చనిపోయినవాళ్లు సుమారు 1,200 మంది. గాయపడ్డవాళ్లు వేలల్లో. పూలు పెట్టాం, పతకాలిచ్చాం, పేర్లు చెక్కించాం. వాళ్లను ఏ పని మీద పంపారో, ఎవరు పంపారో, ఆ పని అయిందో లేదో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాల్సింది సైన్యం కాదు. పంపినవాళ్లు చెప్పాలి, వాళ్లచేత మీరు చెప్పించాలి.

2021 జూన్‌లో రక్షణ మంత్రిత్వ శాఖ ఒక విధానం ప్రకటించింది. యుద్ధాల, సైనిక చర్యల చరిత్రను అవి ముగిసిన కొద్ది సంవత్సరాల్లో రాయించాలి, పాత రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలి అన్నది దాని సారాంశం. మంచి విధానమే. ఆఖరి భారత జవాను త్రింకోమలి రేవులో ఓడ ఎక్కింది 1990 మార్చి 24న. ఆ లెక్కన పాతికేళ్లు 2015లోనే నిండిపోయాయి. మరి శ్రీలంకలో మన సైన్యం నడిపిన ‘ఆపరేషన్ పవన్’ అధికారిక చరిత్ర ఏది? దాన్ని ఇంతవరకూ ప్రజల చేతికి ఎందుకు ఇవ్వలేదు? తాను పెట్టుకున్న గడువును ఆ శాఖే పట్టించుకోకపోతే అడగాల్సింది ఎవరు? రక్షణ శాఖ స్థాయీ సంఘంలో కూర్చునే మీరు కాదా?

అధికారిక చరిత్ర లేనిచోట పదవీ విరమణ చేసినవాళ్ల పుస్తకాలే చరిత్రయ్యాయి. కొలంబోలో అప్పటి మన హైకమిషనర్ జె.ఎన్. దీక్షిత్ ఒకటి రాశారు. దళాల సర్వాధికారిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ దీపిందర్ సింగ్ ఒకటి, ముందుగా ఉత్తర శ్రీలంకలోని జాఫ్నాలో దిగిన డివిజన్‌ను నడిపిన మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ మరొకటి రాశారు. తప్పు తమది కాదని చెప్పుకోవడానికే ఎక్కువ పేజీలు ఖర్చయ్యాయి. చర్చలకు వచ్చే ఎల్.టి.టి.ఇ. (టైగర్లు) నాయకుడు ప్రభాకరన్‌ను కాల్చేయమని తనకు ఆదేశం అందిందనీ, అది సైనికుడు చేసే పని కాదని తాను నిరాకరించాననీ హర్‌కీరత్ సింగ్ రాసుకున్నారు. ఎంత పెద్ద మాట! నిజమైతే ఆ ఆదేశం ఎక్కడ పుట్టింది? కాకపోతే ఒక మేజర్ జనరల్ అచ్చులో పెట్టిన మాటకు ప్రభుత్వం నుంచి ఒక్క ఖండన కాగితమైనా సభ ముందుకు ఎందుకు రాలేదు?

ఎందుకు వెళ్లామన్నది అసలు ప్రశ్న. పాఠ్యపుస్తకంలో దొరికే జవాబు తమిళులను కాపాడటానికని. అది అబద్ధం కాదు, కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది. 1956 సింహళ భాషా చట్టం నుంచి 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెట్టేదాకా జరిగిన అన్యాయాల వరుస చిన్నది కాదు. 1983 జూలైలో కొలంబో వీధుల్లో తమిళులను ఇళ్లలోంచి లాగి చంపారు. ఓటరు జాబితాలు చేతపట్టుకుని మూకలు ఇళ్లు వెతుక్కున్నాయి. ఆ వారంలోనే ఇందిరాగాంధీ విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును కొలంబో పంపారు. లక్షకు పైగా శరణార్థులు పడవల మీద తమిళనాడు చేరారు. పొరుగింట్లో ఇంత జరుగుతుంటే ఏ దేశమూ చేతులు కట్టుకు కూర్చోలేదు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఆ తర్వాతిది. అదే 1983 నుంచి మన గూఢచార సంస్థ తమిళ సాయుధ బృందాలకు మన గడ్డ మీద శిక్షణ ఇచ్చింది. టైగర్లు అందులో ఒక బృందం. ఒక చేత్తో తుపాకులిస్తూ, రెండో చేత్తో 1985లో భూటాన్ రాజధాని థింపూలో రెండు పక్షాలనూ చర్చలకు కూర్చోబెట్టాం. మన ఊళ్లలో పద్యనాటకం చూసిన ఎవరికైనా తెలుసు: రాయబారానికి వెళ్లిన కృష్ణుడు కూడా యుద్ధంలో ఆయుధం పట్టనని ముందే మాట ఇచ్చాడు. మనం రాయబారులం, ఆయుధాలు పంచినవాళ్లం, ఒప్పందానికి హామీదారులం, చివరికి యోధులం కూడా. నాలుగు వేషాలూ నాలుగేళ్లలోనే కట్టాం. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకున్నవాళ్లు లేరు.

ఈ శిక్షణ శిబిరాలకు డబ్బు ఏ పద్దు కింద వెళ్లిందో సభలో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లు కాదనుకోండి.

1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్‌గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె సంతకాలు పెట్టిన ఒప్పందాన్ని మీలో చాలామంది చదివే ఉంటారు. దానికి జతచేసిన లేఖలను కూడా చదవండి. ఒప్పందంలో తమిళుల సంగతి ఉంది: ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనం, తమిళానికి అధికార భాష హోదా, 72 గంటల్లో ఆయుధాల అప్పగింత. లేఖల్లో ఉన్న సంగతులు వేరు. భారత ప్రయోజనాలకు భంగం కలిగేలా త్రింకోమలి రేవును ఏ దేశ సైన్యమూ వాడకూడదు. అక్కడి చమురు ట్యాంకులను బాగుచేసి నడపడం భారత్, శ్రీలంక ఉమ్మడిగా చేపట్టాలి. విదేశీ సైనిక, గూఢచార సిబ్బంది ఉనికి మీద ఒక అవగాహనకు రావాలి. విదేశీ రేడియో సంస్థలకు ఇచ్చిన సౌకర్యాలను సమీక్షించాలి. అప్పట్లో శ్రీలంక సైన్యానికి ఇజ్రాయెల్ నుంచి, పాకిస్తాన్ నుంచి శిక్షకులు వస్తున్నారు, బ్రిటన్ నుంచి కిరాయి సైనికులు వస్తున్నారు. వాయిస్ ఆఫ్ అమెరికా ప్రసార కేంద్రం మీద ఢిల్లీకి అనుమానాలున్నాయి. ఇవన్నీ మన ప్రభుత్వానికి నిద్ర పట్టనివ్వని విషయాలు.

ఈ భయాలు తప్పని నేననను. హిందూ మహాసముద్రంలో అంత లోతైన సహజ నౌకాశ్రయం పరాయివాళ్ల చేతికి పోతే విశాఖలోని తూర్పు నౌకాదళానికి ఇబ్బందే. కానీ ఆ మాట జనానికి ఎందుకు చెప్పలేదు? ‘మన తమిళ సోదరుల కోసం’ అని వేదికల మీద చెప్పి, రేవుల కోసం, రేడియోల కోసం లేఖల్లో సంతకాలు పుచ్చుకోవడాన్ని ఏమనాలి? అమ్మకు చెప్పిన కారణం ఒకటి, ఆమె కొడుకు చనిపోయిన కారణం ఒకటీ అయితే ఆ తేడాకు జవాబు ఎవరిస్తారు?

ఇక జయవర్ధనెకు తన కారణం తనకుంది. ఒప్పందం మీద దక్షిణాన సింహళ జనం భగ్గుమన్నారు. కొలంబోలో కర్ఫ్యూ పెట్టారు. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న మన ప్రధాని మీద ఒక నావికుడు తుపాకీ మడమతో దెబ్బ వేశాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. సింహళ వామపక్ష సంస్థ జె.వి.పి. తిరుగుబాటు రాజుకుంటుంటే జయవర్ధనెకు ఉత్తరాన చిక్కుకున్న తన సైన్యాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. ఖాళీ అయిన చోట నిలబడటానికి మనం దొరికాం. ఆయన కుర్చీ నిలిచింది. తన యుద్ధాన్ని పొరుగుదేశపు జవాన్ల చేత చేయించుకున్న అధ్యక్షుడు తెలివైనవాడా, అలా చేసిపెట్టిన దేశం తెలివైనదా అన్నది మీరే తేల్చండి.

ఇంత పెద్ద నిర్ణయం ఎలా జరిగింది? అప్పటి విదేశాంగ సహాయమంత్రి నట్వర్ సింగ్ తన ఆత్మకథలో రాసిన దాని ప్రకారం, ప్రధాని కొలంబోలో ఉండగానే, కేంద్ర మంత్రివర్గాన్ని సంప్రదించకుండానే సైన్యాన్ని పంపే నిర్ణయం అయిపోయింది. మంత్రివర్గానికే దిక్కు లేనప్పుడు పార్లమెంటు సంగతి ఎవరు తలుస్తారు? ఒక నగరంలో పురపాలక సంఘం చెత్త బండి కొనాలంటే తీర్మానం కావాలి. నాలుగు డివిజన్ల సైన్యాన్ని సముద్రం దాటించి రెండున్నర ఏళ్లకు పైగా పోరాడించడానికి సభలో ఒక్క ఓటు అక్కర్లేకపోయింది.

తెలుగు రాష్ట్రాల నుంచి గెలిచిన 42 మంది లోక్‌సభ సభ్యులకు ఒక మాట. మొదట విమానాలెక్కి పలాలి విమానాశ్రయంలో దిగిన 54వ పదాతి డివిజన్ మన సికింద్రాబాద్ నుంచి వెళ్లింది. పరేడ్ మైదానాల పక్క నుంచి మీరు రోజూ కార్లలో వెళ్తుంటారు. 1983లో కొలంబో వెళ్లి వచ్చిన పి.వి.యే 1988 జూన్ నుంచి 1989 డిసెంబర్ దాకా, దళాలు అక్కడ ఇరుక్కుని ఉన్న కాలంలో, మళ్లీ విదేశాంగ మంత్రి. జయవర్ధనె తర్వాత శ్రీలంక అధ్యక్షుడైన ప్రేమదాస మనకు పెట్టిన గడువులకు జవాబులు తయారైంది ఆయన హయాంలోనే. ఆయనకు భారతరత్న వచ్చినప్పుడు మీరంతా హర్షం ప్రకటించారు, సంతోషమే. ఆయన చేతుల మీదుగా నడిచిన ఆ ఫైళ్లను చదవాలని మాత్రం ఎవరికీ అనిపించలేదా?

ఒప్పందం మీద టైగర్లు సంతకం పెట్టలేదు. తుపాకులు దించాల్సింది వాళ్లు, దించుతారని హామీ ఇచ్చింది మనం. మొదట జాఫ్నా జనం మన జవాన్లకు పూలదండలు వేశారు. సెప్టెంబర్‌లో నల్లూరు గుడి ముందు తిలీపన్ అన్న టైగర్ యువకుడు నీళ్లు కూడా ముట్టకుండా నిరాహార దీక్ష చేసి చనిపోయాడు. ఆ దెబ్బతో జనం మనసు విరిగింది. అక్టోబర్ మొదట్లో శ్రీలంక నౌకాదళం పట్టుకున్న టైగర్లను కొలంబో తరలించబోతే పలాలిలో వాళ్లు సైనైడ్ మింగారు. హామీ మనది, శవాలు టైగర్లవి. అక్టోబర్ 10 నాటికి యుద్ధం మొదలైంది. పూలదండలకూ మందుపాతరలకూ మధ్య రెండున్నర నెలలు కూడా గడవలేదు.

టైగర్లను రెండు వారాల్లో అణచేస్తామని సైన్యాధిపతి సుందర్జీ అంచనా వేశారని దీక్షిత్ రాశారు. ఆ అంచనా ఏ కాగితం మీద ఉంది? దేని ఆధారంగా వేశారు? ఎదురుగా ఉన్నది మనమే శిక్షణ ఇచ్చిన దళం కాబట్టి దాని బలం మనకు తెలియాలి కదా? జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో అక్టోబర్ 11 రాత్రి హెలికాప్టర్ల నుంచి దిగిన 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది. వాళ్లు దిగబోతున్నారని టైగర్లకు ముందే తెలుసు, మన రేడియో మాటలు వింటున్నారు. తర్వాతి దళాలు దిగలేకపోయాయి. తెల్లవారాక కూడా గుళ్లు ఉన్నంతసేపు కాల్చారు. 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. గూఢచార లోపమా, తొందరపాటా, గర్వమా? ఆ 29 కుటుంబాలకు ఈ ప్రశ్న అడిగే హక్కు ఉందా లేదా?

ఇప్పుడు మీకు ఇబ్బందిగా ఉండే విషయం. 1987 అక్టోబర్ 21 దీపావళి. ఆ రోజు మన దళాలు జాఫ్నా బోధనాసుపత్రిలోకి ప్రవేశించాయి. ఆ సాయంత్రం నుంచి మర్నాటి దాకా లోపల అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో రోగులున్నారు, నర్సులున్నారు, వైద్యులున్నారు. ఆసుపత్రి నుంచి తమ మీద కాల్పులు జరిగాయన్నది సైన్యం వాదన. టైగర్లు అంతకుముందు అక్కడ ఉన్నారన్నది ఇతర కథనాల్లోనూ ఉంది. కానీ బతికి బయటపడ్డ సిబ్బంది చెప్పింది వేరు. తాము వైద్యులమని చేతులెత్తి చెప్పినవాళ్లను కూడా కాల్చారని చెప్పారు. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో టైగర్లు గస్తీ మీద దాడి చేసి జవాన్లను చంపాక, ప్రతీకారంగా మన దళాలు యాభై మందికి పైగా పౌరులను చంపారన్న ఆరోపణ ఉంది. మన దేశంలోనే జార్జ్ ఫెర్నాండెజ్ దాన్ని వియత్నాంలోని మైలాయ్ ఊచకోతతో పోల్చారు. ఆయన తర్వాత రక్షణమంత్రి కూడా అయ్యారు. అయినా బహిరంగ విచారణ జరగలేదు.

జాఫ్నా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే రజనీ తిరణగమ, ఆమె సహోద్యోగులు ఈ హింసను అటు టైగర్లదీ ఇటు మన దళాలదీ రెండూ నమోదు చేశారు, ‘ది బ్రోకెన్ పామైరా’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. అత్యాచారాల వివరాలూ అందులో ఉన్నాయి. 1989 సెప్టెంబర్‌లో ఆమెను కాల్చి చంపారు. టైగర్ల పనేనని ఆమె సహచరులు నమ్మారు. ఇటువాళ్లనూ అటువాళ్లనూ ఒకే గొంతుతో నిలదీసిన ఒక అధ్యాపకురాలు ప్రాణం పెట్టి రాసినదాన్ని చదివే తీరిక మీ సభకు ఎందుకు లేకపోయింది?

ఇలా అడిగితే సైన్యం మనోధైర్యం దెబ్బతింటుందని మీలో కొందరంటారు. జవాను మనోధైర్యం నిజం చెబితే దెబ్బతినదు. టైగర్లతో స్నేహంగా ఉండమని ఆగస్టులో చెప్పి, అక్టోబర్‌లో వాళ్లనే కాల్చమని చెప్పి, 1989లో మళ్లీ కాల్పులు ఆపి ఇంటికి రమ్మంటే దెబ్బతింటుంది. తిరిగొచ్చిన దళాలను చెన్నై రేవులో స్వాగతించడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆయన కోపం తన జనం మీద కాల్పులు జరిగాయన్న కోపం, అది అర్థమవుతుంది. ఓడ దిగిన కుర్రవాడికి మాత్రం తనను పంపిందీ ఈ దేశమే, తనకు మొహం చాటేసిందీ ఈ దేశమే.

1989 మధ్యలో ప్రేమదాస మనల్ని జూలై 29లోగా వెళ్లిపొమ్మన్నారు. మనం ఎవరిని అణచడానికి వెళ్లామో ఆ టైగర్లకే ఆయన రహస్యంగా ఆయుధాలిచ్చారు. ఆహ్వానించిన దేశం తరిమేస్తోంది, కాపాడాల్సిన జనం ద్వేషిస్తున్నారు. అప్పటికి మనకు మిగిలిన దారి ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్. పార్టీ చేతిలోని ఉత్తర–తూర్పు రాష్ట్ర ప్రభుత్వం. దానికి అండగా తమిళ జాతీయ సైన్యం పేరుతో ఒకదాన్ని తయారుచేశాం. బడిపిల్లలనూ పట్టుకొచ్చి తుపాకులిచ్చారు. మనం వెనక్కి వచ్చేయడంతోనే టైగర్లు దాన్ని తుడిచేశారు. ఆ పిల్లల లెక్క మన ఏ స్మారకం మీదా ఉండదు. ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ భారత్‌కు వచ్చేశారు.

పెద్ద దేశాలన్నీ ఇలాగే పోతాయని మీరు అనవచ్చు. నిజమే. 1979 డిసెంబర్‌లో అఫ్గానిస్తాన్‌కు సోవియట్ సైన్యాన్ని పంపే నిర్ణయం పొలిట్‌బ్యూరో గదిలో ఒక చేతిరాత కాగితం మీద జరిగింది. వాళ్లూ ‘పిలిస్తే వెళ్లాం’ అనే చెప్పారు. 2015 సెప్టెంబర్ 30న సిరియాలో సైన్యాన్ని వాడటానికి రష్యా ఎగువసభ 162 మంది ఏకగ్రీవంగా ఓటేశారు. ఉగ్రవాదం మీద పోరు అన్నారు. తార్తూస్ రేవు, హమైమీమ్ వైమానిక స్థావరం ఆ పోరులో కలిసొచ్చాయి. తొమ్మిదేళ్ల తర్వాత 2024 డిసెంబర్‌లో అసద్ మాస్కోకే పారిపోయాడు. పీడిత జనం, పిలిచిన ప్రభుత్వం, పక్కనే ఒక రేవు. ఈ మూడూ కలిసినచోట పెద్ద దేశాలకు ధర్మం గుర్తొస్తుంది. వాళ్లను విమర్శించడంలో మన పత్రికలూ మీ ప్రసంగాలూ ఎప్పుడూ వెనకబడలేదు. త్రింకోమలి దగ్గరికి వచ్చేసరికి అందరికీ గొంతు ఎందుకు పట్టేస్తుంది?

పోనీ, ఏ ప్రయోజనం కోసం వెళ్లామో అదైనా దక్కిందా? త్రింకోమలిలోని 99 చమురు ట్యాంకుల సంగతి చూడండి. 1987 లేఖలో రాయించుకున్న ఆ ఉమ్మడి ప్రాజెక్టుకు 2022 జనవరిలో ఒప్పందాలయ్యాయి. 61 ట్యాంకులు ఉమ్మడి కంపెనీకి వచ్చాయి. దానికి ఒక్క జవాను అవసరం కాలేదు. చమురు కంపెనీ అధికారులు ఫైళ్లు పట్టుకు తిరిగితే అయింది. ఇక పరాయి దేశం కాలు మోపుతుందన్న భయం అప్పుల దారిలో వచ్చింది: 2017లో హంబన్‌తోట రేవు 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీకి వెళ్లింది. 2022 ఆగస్టులో చైనా ఓడ యువాన్ వాంగ్ 5 అక్కడ లంగరు వేస్తే మనం నిరసన చెప్పి ఊరుకున్నాం.

తమిళులకు దక్కిందా? ఉత్తర–తూర్పు విలీనాన్ని 2006లో శ్రీలంక సుప్రీంకోర్టు చెల్లదంది. రాష్ట్రాలకు అధికారాలిచ్చే 13వ సవరణ శ్రీలంక రాజ్యాంగంలో ఉంది, కానీ భూమి, పోలీసు అధికారాలు కాగితం దాటలేదు. ఉత్తర రాష్ట్ర మండలికి 2013లో ఎన్నికలు జరిగాయి, 2018లో గడువు తీరింది, మళ్లీ ఎన్నిక లేదు. 2009లో ముల్లివాయ్‌క్కాల్ తీరంలో యుద్ధం ముగిసిన తీరు మీకు తెలుసు. చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం పేర్కొంది. వీటన్నిటికీ మధ్య 1991 మే 21న శ్రీపెరంబుదూరులో మన మాజీ ప్రధాని రాజీవ్‌గాంధీని టైగర్లు చంపేశారు. ఆ హత్య తర్వాత ఈ సంగతి ఎత్తడమే ఆయన పట్ల అపచారమన్నట్టు ఒక భావన పాతుకుపోయింది. కాంగ్రెస్ సభ్యులకు అది నొప్పి, కాంగ్రెసేతరులకు అది మొహమాటం. ఆయన ప్రాణం తీసింది హంతకులు. ఆయన నిర్ణయాన్ని పరిశీలించడం హంతకుల పక్షం వహించడం కాదు.

మీ బాధ్యత ఏమిటో రాజ్యాంగమే చెప్పింది. 53వ అధికరణం రక్షణ దళాల సర్వాధికారాన్ని రాష్ట్రపతికి ఇస్తూ, దాన్ని వాడే తీరును చట్టం నియంత్రించాలంటుంది. ఆ చట్టం చేయాల్సింది మీరు. పరాయి దేశంలో యుద్ధానికి సైన్యాన్ని పంపే ముందు సభ అనుమతి కావాలనే చట్టం మనకు నేటికీ లేదు. జర్మనీలో 1994 నాటి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు తర్వాత పార్లమెంటు ఓటు తప్పనిసరైంది. బ్రిటన్‌లో 2013 ఆగస్టులో సిరియా మీద దాడి ప్రతిపాదన కామన్స్ సభలో 285–272 ఓట్లతో వీగిపోయింది, ప్రధాని ఆగిపోయారు. ఓటు ఉన్నంత మాత్రాన వివేకం వస్తుందనీ కాదు. అదే సభ 2003లో ఇరాక్ యుద్ధానికి ఊ కొట్టింది. వియత్నాం కోసం 1964లో అమెరికా ప్రతినిధుల సభ 416–0తో తలూపింది. అయితే ఓటేసినవాళ్ల పేర్లు చరిత్రలో మిగిలాయి, తర్వాత అడగడానికి మనుషులు దొరికారు. ఇరాక్ మీద బ్రిటన్ చిల్‌కాట్ విచారణ వేసి, ఏడేళ్లు తీసుకుని, 2016లో 12 సంపుటాల నివేదిక బయటపెట్టింది. మనకు శ్రీలంక మీద పన్నెండు పేజీలైనా ఉన్నాయా?

దేశ భద్రత అని చెప్పి ఫైళ్లు మూసి ఉంచడం మరో అలవాటు. 1962 చైనా యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదికను అలాగే దాచారు. అందులో కొంత భాగాన్ని 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు ఇంటర్నెట్‌లో పెట్టాడు. దేశం మునిగిపోలేదు. 1987లో వాడిన రేడియో సెట్లు నేడు మ్యూజియం సరుకు. అప్పటి టైగర్ నాయకత్వం లేదు. సంతకాలు పెట్టిన ఇద్దరు నాయకులూ లేరు. ఇప్పుడు ఆ రహస్యం ఎవరి నుంచి? శత్రువు నుంచా, ఓటరు నుంచా?

రేపు మాల్దీవులలోనో, మయన్మార్‌లోనో, మరెక్కడో ఒక అధ్యక్షుడు రాత్రికి రాత్రి సైన్యం పంపమని అడగవచ్చు. 1988 నవంబర్‌లో మాల్దీవులు అడిగితే వెంటనే పంపాం, కొద్ది రోజుల్లో పని ముగిసింది, ఆ గెలుపు గురించి మాత్రం అందరూ చెప్పుకుంటారు. అప్పటికి జాఫ్నాలో పదమూడు నెలలుగా పోరాడుతూనే ఉన్నాం. ఒక చోట నాలుగు రోజులు, ఇంకోచోట రెండున్నర ఏళ్లు ఎందుకు పట్టిందో కాగితాల మీద తేల్చుకోకపోతే, ఈసారి పిలుపు వచ్చినప్పుడు పంపాలా వద్దా అన్నది ఏ అనుభవంతో నిర్ణయిస్తారు?

కాబట్టి వచ్చే సమావేశాల్లో మీలో ఒక్కరు, ఏ పార్టీ అయినా సరే, రక్షణ మంత్రిని నక్షత్రం గుర్తు ప్రశ్నగా అడగండి: 2021 విధానం ప్రకారం ఆపరేషన్ పవన్ రికార్డులు జాతీయ పురాభిలేఖాగారానికి ఎప్పుడు చేరుతాయి, అధికారిక చరిత్ర ఏ సంవత్సరంలో అచ్చవుతుంది? జాఫ్నా ఆసుపత్రి, వల్వెట్టితురై ఘటనల మీద సైన్యం అంతర్గతంగా చేసిన పరిశీలన ఏదైనా ఉంటే సభ బల్ల మీద పెట్టమని అడగండి. విదేశాలకు సైన్యాన్ని పంపడానికి సభ అనుమతిని తప్పనిసరి చేస్తూ ఒక ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టండి. అది వీగిపోతుందని నాకు తెలుసు, ప్రైవేటు బిల్లుల గతి ఎప్పుడూ అంతే. కానీ మీ పేరు దాని మీద ఉంటుంది, ఎవరు వద్దన్నారో కూడా నమోదవుతుంది. సికింద్రాబాద్, మల్కాజిగిరి స్థానాల నుంచి గెలిచినవారు ముందుకొస్తే ఇంకా మంచిది. కంటోన్మెంట్ ఓట్లు అడగడానికి వెళ్లినప్పుడు చెప్పుకోవడానికి మీకూ ఒక మాట ఉంటుంది.

ఇట్లు,
మీకు ఓటేసిన ఒక తెలుగు పౌరుడు